లాన్ పోర్టు కాలిపోలేదు, విండోస్ దెబ్బతింది

తెనాలి దగ్గరి ఊరి నుంచి ఒక గృహిణి రాశారు. పేరు వేయొద్దన్నారు. ఇంట్లోనే ఉండి పదకొండు దుకాణాలకు టాలీలో లెక్కలు రాస్తారు, జీఎస్టీ రిటర్నులు వేస్తారు. మూడేళ్ల కిందట అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్, విండోస్ 11, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. గాలివాన పడిన ఓ సాయంత్రం విండోస్ అప్‌డేట్ నలభై శాతం దగ్గర తిరుగుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పాడైంది, ‘మార్పించాలి, మార్పించాలి అనుకుంటూనే ఏడాది గడిచింది’ అన్నారు. మర్నాడు సిస్టమ్ ఆన్ అయింది. టాలీ తెరుచుకుంది, ప్రింటర్ పనిచేసింది. నెట్ మాత్రం లేదు.

అదే రౌటర్ నుంచి ఇంట్లో ఫోన్లన్నిటికీ నెట్ వస్తోంది. పిడుగుకు లాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చే చోటు) కాలిపోయి ఉంటుందని భర్త అన్నారు. హైదరాబాద్‌లో ఉండే మరిది కూడా అదే అని, యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనమన్నారు. 650 రూపాయలు పెట్టి తెచ్చారు. దాంట్లో పక్కింటి వాళ్ల వైఫై పేర్లు కూడా కనిపిస్తున్నాయి, తమ వైఫైకి కలిపితే ‘నో ఇంటర్నెట్’. ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి టెథరింగ్ చేసినా, అంటే ఫోన్ నెట్ సిస్టమ్‌కు ఇచ్చినా అంతే. మరిది ఫోన్లో చెబుతుంటే ఐపీకాన్ఫిగ్ (సిస్టమ్ నెట్‌వర్క్ చిరునామా చూపే కమాండ్) కొట్టారు, 169.254తో మొదలయ్యే నంబరు వచ్చింది. విన్‌సాక్ రీసెట్ చేశారు, నెట్‌వర్క్ రీసెట్ చేశారు. ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ (విండోస్ ఫైళ్లను సరిచూసేది) నడిపితే పాడైన ఫైళ్లు దొరికాయి కానీ కొన్నిటిని బాగుచేయలేకపోయానంది. డిస్మ్ నడిపితే 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ ఎర్రర్. సర్వీసుల్లోకి వెళ్లి డీహెచ్‌సీపీ క్లయింట్‌ను స్టార్ట్ చేయబోతే 1068 ఎర్రర్. కంప్యూటర్ షాపు అబ్బాయి ‘ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్, 800’ అన్నాడట. ఇంతలో ఇంట్లో గొడవ: బాబు గేమ్ వేసుకోవడం వల్లే ఇదంతా అని. ‘ఫార్మాట్ చేయిస్తే పదకొండు షాపుల లెక్కలు ఏమవుతాయో అని భయం. చేయించకపోతే రిటర్నుల గడువు 20వ తారీఖు ముంచుకొస్తోంది. ఎవరి మాట వినాలి?’ అని అడిగారు.

ముందు బాబు సంగతి తేల్చేద్దాం. అప్‌డేట్ సగంలో కరెంటు పోయింది, మర్నాటి నుంచే నెట్ లేదు. ఆ సమయంలో విండోస్ తన సొంత ఫైళ్లనే తీసి కొత్తవి పెట్టుకుంటూ ఉంటుంది. ఆ పనికి మధ్యలో కోత పడితే ఒక ఫైలు సగం రాసి ఉండొచ్చు, పాతది పోయి కొత్తది రాకపోవచ్చు. గేమ్‌ను అనుమానించడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారమూ లేదు.

పిడుగు మాట మాత్రం తీసిపారేయదగ్గది కాదు. వానాకాలంలో కేబుల్ వెంట వచ్చిన దెబ్బకు లాన్ పోర్టులు పోవడం మామూలే. మీరు డాంగిల్ కొని ఉండకపోతే నేనూ అటే ఆలోచించేవాణ్ని. కానీ మీ దగ్గర ఇప్పుడు మూడు దారులున్నాయి: మదర్‌బోర్డు మీది లాన్ పోర్టు, కొత్త డాంగిల్, ఫోన్. మూడూ వేర్వేరు హార్డ్‌వేర్, మూడిటికీ వేర్వేరు డ్రైవర్లు. మూడూ ఒకే రోజున ఒకే తీరుగా చావవు. పక్కింటి వైఫై పేరు కనిపిస్తోందంటే డాంగిల్ రేడియో, దాని డ్రైవరు, విండోస్‌లోని వైఫై సర్వీసు పనిచేస్తున్నాయన్నమాట. ఈ మూడు దారులూ లోపల ఎక్కడ కలుస్తాయో తప్పు అక్కడుంది. 650 వృథా అయిందని బాధపడకండి, రోగం ఎక్కడుందో చూపించింది ఆ డాంగిలే.

ఆ కలిసే చోటు ఏమిటో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. నెట్‌లోకి వెళ్లాలంటే మీ సిస్టమ్‌కు రౌటర్ ఒక చిరునామా ఇవ్వాలి. దాన్ని అడిగి తెచ్చుకునే పని డీహెచ్‌సీపీ క్లయింట్ సర్వీసుది. అది అందనప్పుడు మిగిలే ఉత్తుత్తి చిరునామాయే 169.254. 1068 అంటే ఆ సర్వీసు చెడిందని కాదు, అది ఆధారపడిన మరొకటి లేవలేదని. డీహెచ్‌సీపీ క్లయింట్ ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది: ఏఎఫ్‌డీ అనే డ్రైవరు, ఎన్‌ఎస్‌ఐ అనే సర్వీసు. ఏఎఫ్‌డీ ఫైలు విండోస్ ఫోల్డరులో సిస్టమ్32 కింద డ్రైవర్స్ ఫోల్డరులో ఉంటుంది. బ్రౌజరైనా, టాలీ అయినా నెట్‌వర్క్‌తో మాట్లాడాలంటే దాని మీదుగానే వెళ్లాలి.

రెండింట్లో ఏది పడిపోయిందో ఐదు నిమిషాల్లో తేలుతుంది. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ‘టెర్మినల్ (అడ్మిన్)’ తెరవండి. అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. విండోస్ 11లో తెరుచుకునేది పవర్‌షెల్. దాంట్లో ‘ఎస్‌సీ క్వెరీ ఏఎఫ్‌డీ’ అని కొడితే ఏ ఎర్రరూ రాదు, ఏ జవాబూ రాదు. ఎందుకంటే పవర్‌షెల్‌లో ఎస్‌సీ అంటే ఫైల్లోకి రాయమని అర్థం. నిశ్శబ్దంగా ‘క్వెరీ’ పేరుతో ఓ ఫైలు తయారుచేసి అందులో ‘ఏఎఫ్‌డీ’ అని రాసి ఊరుకుంటుంది. అందుకని ముందు ‘సీఎండీ’ అని కొట్టి ఎంటర్ నొక్కండి, ఆ తర్వాత అదే కమాండ్ ఇవ్వండి. ఇంగ్లిష్ అక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య ఖాళీతో. స్టేట్ అనే వరుసలో ‘4 రన్నింగ్’ ఉంటే అది బతికే ఉంది. ‘1 స్టాప్డ్’ ఉంటే దాని కింద విన్32 ఎగ్జిట్ కోడ్ పక్కన అంకె చూడండి. 2 ఉంటే ఫైలే లేదు. 577 ఉంటే ఫైలుంది కానీ డిజిటల్ సంతకం సరిపోలడం లేదు, అంటే లోపలి సరుకు మారిపోయింది. ఎన్‌ఎస్‌ఐకి కూడా ఇలాగే అడగండి. అంకె అర్థం కాకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన తప్పుల్ని రాసిపెట్టుకునే చోటు) విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిచి 7000, 7001, 7026 నంబర్లు వెతకండి, ఏది లేవలేదో పేరుతో సహా రాసి ఉంటుంది.

అక్కడ ఉన్నప్పుడే మరో రెండు నంబర్లు చూడండి: సోర్స్ ‘డిస్క్’ అని ఉండి 7, సోర్స్ ‘ఎన్‌టీఎఫ్‌ఎస్’ అని ఉండి 55. మొదటిది డిస్కు మీద చెడిన చోటు తగిలిందని, రెండోది ఫైళ్ల పట్టిక దెబ్బతిందని. కరెంటు కోత వల్ల ఒక్కసారి 55 వచ్చి ఉంటే ఆశ్చర్యం లేదు, ‘చెక్‌డిస్క్ సీ: /స్కాన్’ (కొట్టాల్సిన అక్షరాలు సీహెచ్‌కేడీఎస్‌కే) నడిపితే సిస్టమ్ ఆపకుండానే చూస్తుంది. కానీ 7 అనేది పదేపదే, అప్‌డేట్‌కు ముందు తేదీల్లో కూడా ఉంటే కథ వేరు. అప్పుడు పోతున్నది ఎస్‌ఎస్‌డీ, నెట్ పోవడం దాని మొదటి లక్షణం మాత్రమే. ఆ పరిస్థితిలో కింద చెప్పే రిపేర్లేవీ చేయకండి. డేటా బయటికి తీసి, డిస్కు మార్పించి, కొత్తగా విండోస్ వేయించడమే.

ఇక గడువు సంగతి. మీరు రెండు భయాల్ని ముడివేసుకున్నారు: సిస్టమ్ బాగుపడాలి, రిటర్నులు పడాలి. రెంటినీ విడదీయండి. నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్ పనిచేస్తుంది. ఇవాళే టాలీ డేటా ఫోల్డరు మొత్తం కాపీ చేయండి, అది ఎక్కడుందో కంపెనీ సెలెక్ట్ చేసే తెరలో దారి కనిపిస్తుంది. టాలీ మూసేశాకే కాపీ చేయాలి, తెరిచి ఉండగా చేస్తే సగం సగం వస్తుంది. ఎక్సెల్ ఫైళ్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కూడా. టాలీ సీరియల్ నంబరు, లైసెన్సు తీసుకున్న ఈమెయిల్ కాగితం మీద రాసుకోండి. డిజిటల్ సిగ్నేచర్ గురించి భయం వద్దు, అది పెన్‌డ్రైవ్‌లా ఉండే ఆ యూఎస్‌బీ టోకెన్ లోపలే ఉంటుంది, సిస్టమ్‌లో కాదు. కాపీ అయ్యాక ఒకసారి ఇంకెవరి కంప్యూటర్లోనైనా పెట్టి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఇంతవరకూ చేస్తే ఫార్మాట్ కూడా మిమ్మల్ని ఏమీ చేయలేదు.

రిటర్నులు ఏ కంప్యూటర్ నుంచైనా వేయొచ్చు. సొంత యాజమాన్యంలోని దుకాణాలకు ఓటీపీతో చేసే ధ్రువీకరణ (ఈవీసీ) చాలు. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు ఉంటే టోకెన్ కావాలి కాబట్టి అరువు లాప్‌టాప్‌లో టోకెన్ డ్రైవరు, ఈమ్‌సైనర్ (డిజిటల్ సంతకం పెట్టించే ప్రోగ్రాము) వేసుకోవాల్సి వస్తుంది. రెండు రోజుల లాప్‌టాప్ అరువుకు మొహమాటపడకండి. జీఎస్‌టీఆర్-3బీ ఆలస్యమైతే పన్ను ఉన్న రిటర్నుకు రోజుకు 50 రూపాయలు, పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. పదకొండు దుకాణాలకు ఆ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ మరిది చేయించినవి ఎందుకు పనిచేయలేదో చెబుతాను, మళ్లీ అవే చేస్తూ కూర్చోకుండా. విన్‌సాక్ రీసెట్ రిజిస్ట్రీలోని అమరికను సరిచేస్తుంది. నెట్‌వర్క్ రీసెట్ అడాప్టర్లను తీసి మళ్లీ పెడుతుంది, పనిలో పనిగా గుర్తుపెట్టుకున్న వైఫై పాస్‌వర్డులు కూడా తుడిచేస్తుంది. పోయిన ఫైలును తెచ్చిపెట్టడం రెండింటికీ చేతకాదు. ఎస్‌ఎఫ్‌సీకి చేతనవుతుంది, కానీ అది మంచి నకలును విండోస్ లోపలే ఉన్న నిల్వ నుంచి తీసుకుంటుంది. మీ విషయంలో ఆ నిల్వలోనూ నకలు చెడింది, అందుకే ‘కొన్నిటిని బాగుచేయలేకపోయాను’ అంది. ఆ నిల్వను బాగుచేసేది డిస్మ్. అది సరుకును మామూలుగా విండోస్ అప్‌డేట్ నుంచి, అంటే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ బాగుచేయడానికి నెట్ కావాలి! 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ అంటే ‘సరుకు దొరకలేదు’ అని చెప్పడమే. కమాండ్‌లో ‘/ఆన్‌లైన్’ అని ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని ఇంటర్నెట్‌కు సంబంధించిందనుకుంటారు. ఇప్పుడు నడుస్తున్న విండోస్ మీదే పనిచేయమని దాని అర్థం, అంతే.

కాబట్టి సరుకును బయటి నుంచి తేవాలి, లేదా కాలాన్ని వెనక్కి తిప్పాలి.

వెనక్కి తిప్పడం తేలిక, ముందు అదే చూడండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఇస్తే నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, అందులో ‘లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్’. సగంలో ఆగిన అప్‌డేట్ ఇలా వెనక్కి పోతే నెట్ వచ్చేయొచ్చు. అక్కడే సిస్టమ్ రిస్టోర్ కూడా ఉంది, అప్‌డేట్‌కు ముందు తేదీ పాయింటు ఉంటే వాడుకోండి. మీ ఫైళ్లు పోవు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు పోతాయి. అసెంబుల్డ్ సిస్టముల్లో ఆ సౌకర్యం ఆఫ్‌లో ఉండి ఒక్క పాయింటూ లేకపోవడం తరచూ చూసేదే, లేదంటే నిరాశపడకండి. నీలం తెరలోకి వెళ్లేముందు ఒక జాగ్రత్త: సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఫోన్లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి దాన్ని ముందే రాసిపెట్టుకోండి. రాయకుండా వెళ్లి ఇరుక్కుంటే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

అది కుదరకపోతే సరుకు తెచ్చే దారి. ఫోన్లోనే మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీ నుంచి విండోస్ 11 ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేసే సరుకంతా ఉండేది) దించుకోవచ్చు. 5 జీబీ దాటుతుంది, రాత్రి వైఫై మీద పెట్టి పడుకోండి. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుని సిస్టమ్‌లోకి కాపీ చేయండి. టెథరింగ్ పనిచేయనిది ఇదెలా పనిచేస్తుందని సందేహం వస్తుంది, ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కు చిరునామాలతో, డీహెచ్‌సీపీతో పనిలేదు. పెన్‌డ్రైవ్ మీద తెచ్చేటట్టయితే అది ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ అయి ఉండాలి, ఫ్యాట్32 మీద 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

దించుకునేటప్పుడు భాష దగ్గర తొందరపడకండి. ‘ఇంగ్లిష్ (యునైటెడ్ స్టేట్స్)’, ‘ఇంగ్లిష్ ఇంటర్నేషనల్’ అని రెండుంటాయి. మీది ఏదో తెలియాలంటే టెర్మినల్‌లో ‘డిస్మ్ /ఆన్‌లైన్ /గెట్-ఇంట్ల్’ కొట్టండి. సిస్టమ్ యూఐ భాష పక్కన ‘ఈఎన్-యూఎస్’ ఉంటే మొదటిది, ‘ఈఎన్-జీబీ’ ఉంటే రెండోది. ఇది తప్పితే తర్వాత మీ ప్రోగ్రాములు నిలుపుకునే అవకాశమే పోతుంది.

ఐఎస్‌ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే అది కొత్త డ్రైవుగా తెరుచుకుంటుంది, ఈ: అనుకుందాం. ఇక్కడ రెండు మార్గాలున్నాయి. మొదటిది డిస్మ్‌కు ఈ సరుకు చూపించడం. ‘డిస్మ్ /గెట్-వైమ్‌ఇన్ఫో /వైమ్‌ఫైల్:ఈ:\సోర్సెస్\ఇన్‌స్టాల్.వైమ్’ కొడితే ఏ నంబరు కింద ఏ ఎడిషన్ ఉందో చెబుతుంది. మీది ప్రో అయి, దాని నంబరు 6 అనుకుంటే ‘డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్ /సోర్స్:వైమ్:ఈ:\సోర్సెస్\ఇన్‌స్టాల్.వైమ్:6 /లిమిట్‌యాక్సెస్’. 62.3 శాతం దగ్గర చాలాసేపు కదలకపోవచ్చు, చచ్చిపోయిందనుకుని మూసేయకండి. పూర్తయ్యాక ‘ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ’, రీస్టార్ట్. అయితే మీ సిస్టమ్‌లో నెలనెలా అప్‌డేట్లు పడి ఫైళ్లు ఐఎస్‌ఓలో ఉన్నవాటికంటే కొత్తవై ఉంటే మళ్లీ అదే 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ రావచ్చు. ఒక్కసారి ప్రయత్నించండి, రాకపోతే దీని మీద రెండో సాయంత్రం వృథా చేయకండి.

రెండోది విండోస్ మీద విండోస్ వేయడం. మీ స్థితిలో నేను ఎక్కువ నమ్మేది దీన్నే. నడుస్తున్న విండోస్ లోనుంచే ఈ: డ్రైవులోని సెటప్‌ను తెరవండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి కాదు, అలా చేస్తే అది కొత్త ఇన్‌స్టాలేషన్ అయిపోతుంది. మొదట్లోనే ‘ఛేంజ్ హౌ సెటప్ డౌన్‌లోడ్స్ అప్‌డేట్స్’ అనే చిన్న లింకు ఉంటుంది, దాంట్లో ‘నాట్ రైట్ నౌ’ పెట్టండి, లేకపోతే లేని నెట్ కోసం వెతుకుతుంది. చివర్లో ‘కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్’ అని ఉండాలి. ఆ వరుస మసకబారి నొక్కడానికి రాకపోతే భాషో, ఎడిషనో, వెర్షనో సరిపోలేదని అర్థం. అక్కడే ఆగి మూసేయండి, ‘నథింగ్’ జోలికి మాత్రం పోవద్దు. ఐఎస్‌ఓ వెర్షన్ మీదానితో సమానమైనా కొత్తదైనా ఉండాలి, పాతది పనికిరాదు. సీ డ్రైవులో కనీసం 25 జీబీ ఖాళీ చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ మీద గంట పడుతుంది, కొంచెం అటూ ఇటూ. టాలీ, ప్రింటరు, ఈమ్‌సైనర్ అన్నీ ఉన్నచోటే ఉంటాయి, సిస్టమ్ ఫైళ్లన్నీ కొత్తవి వస్తాయి.

అన్నట్టు, ఇది మొదలుపెట్టేముందు యూపీఎస్ బ్యాటరీ మార్పించండి, లేదా ఇన్వర్టరు ఉన్న ఇంట్లో చేయండి. ఇంకోసారి సగంలో కరెంటు పోతే ఈసారి విండోస్ లేవకపోవచ్చు.

‘రీసెట్ దిస్ పీసీ’ మీ కంట పడుతుంది. దాంట్లో ‘క్లౌడ్ డౌన్‌లోడ్’కు నెట్ కావాలి, ‘లోకల్ రీఇన్‌స్టాల్’ ఇప్పుడు చెడి ఉన్న నిల్వనే వాడుకుంటుంది. ‘కీప్ మై ఫైల్స్’ అన్నా ప్రోగ్రాములన్నీ తీసేస్తుంది. మీకు దాంతో లాభం తక్కువ. ఏఎఫ్‌డీ ఫైలు ఒక్కటీ వేరే సిస్టమ్ నుంచి తెచ్చి పెట్టేయొచ్చు కదా అని మరిది అనొచ్చు. బిల్డ్ నంబరు తేడా ఉంటే ఆ 577 మళ్లీ రావచ్చు, లేదా సిస్టమ్ కూలిపోవచ్చు. ఫైళ్లిస్తామనే వెబ్‌సైట్ల నుంచి దించుకోవడం అంతకంటే ప్రమాదం, మీ సిస్టమ్‌లో పదకొండు మంది జీఎస్టీ లాగిన్లున్నాయి.

షాపు అబ్బాయి చెప్పిన ఫార్మాట్ తప్పు సలహా కాదు, మొదటి సలహా కాదు. సెటప్ మధ్యలో ఆగిపోతున్నా, వైరస్ అనుమానం ఉన్నా, డిస్కు చెడినా అదే గతి. అప్పుడు టాలీ మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి, టోకెన్ డ్రైవరు, ఈమ్‌సైనర్, ప్రింటరు, బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులు మళ్లీ మొదటి నుంచి. ఒక రోజు పని. 20 దాటాక, బ్యాకప్ మీ చేతిలో ఉండగా చేయించండి, ‘డీ డ్రైవ్ ముట్టను మేడమ్’ అన్న మాట మీద భరోసా పెట్టుకుని కాదు.

బాగుపడ్డాక లాన్ కేబుల్ పెట్టి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. 192.168తో మొదలయ్యే నంబరు వస్తే మీ పోర్టు బతికే ఉంది, డాంగిల్ తిరిగి ఇచ్చేయొచ్చు, బిల్లు ఉంటే. వైఫై వచ్చి లాన్ మాత్రం రాకపోతే అప్పుడు మీవారి పిడుగు మాట నిజమే అనుకోవాలి. ఆ డాంగిల్‌నే వాడుకోండి.